ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరిగే లిస్టీరియా: వంటింట్లో అడ్డుకోవడం ఎలా

తిండి ద్వారా జబ్బు తెచ్చే బ్యాక్టీరియాలో చాలావాటికి చలి పడదు. 5 డిగ్రీల సెల్సియస్ కిందికి వస్తే వాటి పెరుగుదల ఆగిపోతుంది, లేదా లెక్కలోకి రానంతగా తగ్గిపోతుంది. లిస్టీరియా మోనోసైటోజీన్స్ అలా కాదు. సున్నా డిగ్రీల దగ్గర కూడా నెమ్మదిగా రెట్టింపవుతూనే ఉంటుంది. ఉప్పదనాన్ని బాగా తట్టుకుంటుంది. గాలి తీసేసి సీలు వేసిన ప్యాకెట్లోనూ పెరుగుతుంది. ఒకప్పుడు ప్రయోగశాలల్లో దీన్ని పట్టుకోవడానికి నమూనాను 4 డిగ్రీల వద్ద వారాల తరబడి ఉంచేవారు. తక్కినవి ఉన్నచోటే ఆగిపోతే ఇది పెరిగి దొరికిపోయేది. ఫ్రిజ్‌లో వెనక మూలన మరిచిపోయిన డబ్బాలో జరిగేదీ సరిగ్గా అదే.

అందుకే ఈ బ్యాక్టీరియా విషయంలో "ఫ్రిజ్‌లోనే పెట్టాం కదా" అన్నది సగం జవాబు మాత్రమే. ఎన్ని డిగ్రీల్లో పెట్టాం, ఎన్ని రోజులు ఉంచాం, తినేముందు వేడి చేశామా అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఉండాలి. మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే లిస్టీరియా చలికి మొండిదే గానీ వేడికి కాదు. ఆహారం మధ్యభాగం 70 డిగ్రీలకు చేరి రెండు నిమిషాలు అలాగే ఉంటే దాదాపు మొత్తం చచ్చిపోతుంది. పాలను 72 డిగ్రీల్లో 15 సెకన్లు ఉంచే పాశ్చరైజేషన్ కూడా దీనికి సరిపోతుంది. ప్రమాదమంతా వేడి చేయకుండా తినేవాటితోనూ, ఒకసారి వండాక మళ్లీ అంటుకున్నవాటితోనూ వస్తుంది.

ఎవరున్న ఇంట్లో ఎంత జాగ్రత్త

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు లిస్టీరియా సోకినా చాలాసార్లు ఏమీ కాదు, లేదా ఒకటి రెండు రోజులు జ్వరం, విరేచనాలు, ఒళ్లునొప్పులు వచ్చి పోతాయి. కానీ గర్భిణులు, 65 ఏళ్లు దాటినవారు, పసికందులు, కేన్సర్ చికిత్సలో ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, స్టెరాయిడ్ల వంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు దీర్ఘకాలం వాడేవారు, మధుమేహం, కాలేయ లేదా కిడ్నీ జబ్బులు ఉన్నవారి సంగతి వేరు. వాళ్లలో ఇది పేగు గోడ దాటి రక్తంలోకి, మెదడు పొరల్లోకి చేరగలదు. అలా లోపలికి చొచ్చుకుపోయిన జబ్బు సోకిన ప్రతి ఐదారుగురిలో ఒకరు చికిత్స అందినా చనిపోతారు. తిండి వల్ల వచ్చే జబ్బుల్లో ఇంత ప్రాణాంతకమైనవి కొద్దే.

గర్భిణుల విషయం విడిగా చెప్పాలి. తల్లికి కొద్దిపాటి జ్వరం, నడుంనొప్పి తప్ప ఇంకేమీ ఉండకపోవచ్చు. లోపల మాత్రం బ్యాక్టీరియా మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డను చేరుతుంది. ఇది మన కణాల లోపల దూరి బతుకుతుంది. కణం లోపలి ఆక్టిన్ అనే ప్రొటీన్‌ను తోకలా అల్లుకుని, దాని తోపుతో పక్క కణంలోకి నేరుగా చొచ్చుకుపోతుంది. రక్తంలోకి బయటపడకుండానే కణం నుంచి కణానికి పాకడం వల్ల యాంటీబాడీలకు చిక్కదు. గర్భస్రావం, నెలలు నిండని కాన్పు, కడుపులోనే బిడ్డ చనిపోవడం, పుట్టిన శిశువుకు రక్తంలో ఇన్ఫెక్షన్ వంటివి దీని ఫలితాలు. ఇంట్లో ఇలాంటివారు ఒక్కరున్నా కింద చెప్పినవి ఏవీ అతి జాగ్రత్తలు కావు.

ముందు ఫ్రిజ్ ఉష్ణోగ్రత కొలవండి

ఫ్రిజ్ మీద 1 నుంచి 5 దాకా ఉండే నాబ్ అంకెలు డిగ్రీలు కావు. అది ఎంత చల్లబరుస్తోందో తెలియాలంటే విడిగా ఒక థర్మామీటర్ కావాలి. ఒక గ్లాసులో నీళ్లు పోసి, అందులో థర్మామీటర్ మునిగేలా పెట్టి, మధ్య అరలో ఉంచండి. కనీసం ఐదు నుంచి ఎనిమిది గంటలు, వీలైతే రాత్రంతా వదిలేసి, పొద్దున తలుపు తెరవగానే చూడండి. గాలిలో వేలాడదీసిన థర్మామీటర్ తలుపు తీసిన ప్రతిసారీ ఎగబాకుతుంది, కంప్రెసర్ నడిస్తే పడిపోతుంది. నీళ్లలో ఉన్నది మాత్రం లోపలి ఆహారం ఎంత చల్లగా ఉందో దాదాపుగా అదే చూపిస్తుంది. అంకె 4 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. ఎక్కువుంటే నాబ్ ఒక మెట్టు పెంచి, మర్నాడు మళ్లీ చూడండి. అదే గ్లాసును తర్వాత తలుపు అరలోనూ పెట్టి చూడండి. మామూలుగా అక్కడే అన్నిటికన్నా వెచ్చగా ఉంటుంది. పాలు, మెత్తని చీజ్, కోసిన పండ్లు అక్కడ పెట్టకూడదనేది అందుకే.

రెండు మూడు డిగ్రీల తేడాకు ఇంత పట్టింపు ఎందుకో ఒక లెక్క చెబుతుంది. గ్రాము ఆహారంలో పది లిస్టీరియా కణాలు ఉన్నాయనుకుందాం. 4 డిగ్రీల్లో అవి ఒకటిన్నర రోజుకోసారి రెట్టింపైతే వారానికి రెండువందల యాభై దాకా అవుతాయి. అదే ఫ్రిజ్ 9 డిగ్రీల్లో ఉండి, పన్నెండు గంటలకోసారి రెట్టింపైతే వారంలో లక్షా అరవై వేలు దాటతాయి. ఆహారాన్నిబట్టి రెట్టింపయ్యే వేగం మారుతుంది గానీ తేడా తీరు ఇదే. తినడానికి సిద్ధంగా అమ్మే ఆహారంలో గడువు తేదీ దాకా గ్రాముకు 100 మించకూడదని ఐరోపా సమాఖ్య నిబంధన. అమెరికాలో 25 గ్రాముల నమూనాలో అసలు కనబడకూడదంటారు. ఈ లెక్క ఇంకో విషయం కూడా చెబుతోంది. ఫ్రిజ్ సరిగ్గా 4 డిగ్రీల్లోనే ఉన్నా పెరుగుదల ఆగలేదు. అందుకే చలితో పాటు రోజుల లెక్క కూడా ఉండాలి.

అంకె ఎంతకీ దిగకపోతే తలుపు చుట్టూ ఉండే రబ్బరు చూడండి. ఒక కాగితం ముక్కను తలుపుకీ ఫ్రేముకీ మధ్య పెట్టి మూసి లాగండి. పట్టు లేకుండా జారి వచ్చేస్తే అక్కడ గాలి పోతోంది. వెనక గోడ మీది గాలి రంధ్రాలకు డబ్బాలు అడ్డంగా ఉన్నా, అరలు కిక్కిరిసి ఉన్నా చల్లగాలి తిరగదు. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. తర్వాత లోపలి ఆహారం 4 డిగ్రీలు దాటి రెండు గంటలకు పైగా ఉందంటే పాడయ్యే గుణమున్నవి పారేయాల్సిందే.

ఫ్రీజర్ మీద ఆశ పెట్టుకోకండి. మైనస్ 18 డిగ్రీల్లో లిస్టీరియా పెరగదు, కానీ చావదు కూడా. కరిగిన మరుక్షణం నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. 2015లో అమెరికాలో ఐస్‌క్రీమ్ ద్వారా పది మందికి సోకి ముగ్గురు చనిపోయారు. ఐరోపాలో 2015 నుంచి 2018 దాకా సాగిన వ్యాప్తికి ఫ్రీజర్‌లో నిలవుంచిన మొక్కజొన్న గింజలు కారణమని తేలింది. అలాంటి కూరగాయలను ప్యాక్ చేసే ముందు వేడినీటిలో ముంచి తీస్తారు కాబట్టి చాలామంది వాటిని వండినవిగా భావించి, కరిగించి సలాడ్‌లో కలిపేస్తారు. అవి పచ్చివే. ప్యాకెట్ మీద చెప్పినంతసేపు ఉడికించాలి.

వేటిని వేడి చేయాలి, వేటిని మానాలి

లిస్టీరియా మట్టిలో, నీటిలో, పశువుల పేడలో, పులియబెట్టిన పశుగ్రాసంలో సహజంగా ఉంటుంది. 1926లో కుందేళ్లు, గినీపిగ్‌ల వంటి ప్రయోగ జంతువుల్లో దీన్ని గుర్తించినా, మనుషులకు తిండి ద్వారా సోకుతుందని గట్టిగా రుజువైంది 1981లోనే. కెనడాలోని నోవా స్కోషియాలో వచ్చిన వ్యాప్తికి క్యాబేజీ తురుము సలాడ్ మూలమని తేలింది. గొర్రెల ఎరువు వేసిన పొలంలో పండిన క్యాబేజీని చలి గిడ్డంగిలో నెలల పాటు నిలవుంచారు. పొలంలో అంటుకున్నది గిడ్డంగిలో పెరిగింది, సలాడ్ కాబట్టి ఎక్కడా వేడి తగల్లేదు. తర్వాత వచ్చిన పెద్ద వ్యాప్తులన్నింటిలోనూ ఈ మూడు మెట్లే కాస్త అటూ ఇటూగా కనిపిస్తాయి.

మెత్తని చీజ్‌తో మొదలుపెడదాం. తేమ ఎక్కువ, పులుపు తక్కువ ఉండటం వల్ల లిస్టీరియాకు అది బాగా అనుకూలం. లేబుల్ మీద పాశ్చరైజ్ చేసిన పాలతో తయారైందని లేకపోతే పైన చెప్పిన వర్గాలవారు తినకూడదు. ఉన్నా పూర్తి భరోసా కాదు, ఎందుకంటే పాలు వేడి చేశాక తయారీలో, కోతలో, ప్యాకింగ్‌లో మళ్లీ అంటుకోవచ్చు. వాళ్లకు పెట్టేటప్పుడు బుడగలొచ్చేదాకా వేడి చేసి పెట్టడమే మంచిది. బాగా ఆరిన గట్టి చీజ్‌లో తేమ తక్కువ కాబట్టి భయం తక్కువ. పాశ్చరైజ్ చేసిన పాలతో తోడుపెట్టిన పెరుగు పులుపు వల్ల దీన్ని పెరగనివ్వదు. పచ్చిపాలు మాత్రం ఎంత తాజాగా పిండినవైనా కాచకుండా తాగొద్దు.

ముక్కలుగా కోసి అమ్మే చల్లని మాంసం, సాసేజ్‌లు, పొగబెట్టిన చేపల విషయంలో సమస్య ఇంకోలా వస్తుంది. ఫ్యాక్టరీలో అవి ఉడుకుతాయి, ఆ తర్వాత కోత యంత్రం మీదికి వెళతాయి. 2008లో కెనడాలో ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసిన వ్యాప్తిలో బ్యాక్టీరియా కోత యంత్రాల లోతట్టున, మామూలు శుభ్రత అందని చోట గూడుకట్టుకుని ఉంది. దక్షిణాఫ్రికాలో 2017, 2018 సంవత్సరాల్లో పోలొనీ అనే ఉడికించిన మాంసపు చుట్ట ద్వారా వచ్చినది ఇప్పటిదాకా నమోదైనవాటిలో అతి పెద్దది. వెయ్యి మందికి పైగా జబ్బుపడ్డారు, రెండువందల మందికి పైగా చనిపోయారు. ఇంట్లో చేయగలిగింది ఇది: ప్యాకెట్ తెరిచిన రోజు దాని మీద రాయండి, మూడు నుంచి ఐదు రోజుల్లో ముగించండి. ప్రమాదం ఎక్కువున్నవారికి తినే ముందు 74 డిగ్రీలకు, అంటే లోపలిదాకా ఆవిర్లు వచ్చేంతగా వేడి చేసి అప్పటికప్పుడే పెట్టండి. ప్యాకెట్లోని నీరు సింకులోనూ, బల్ల మీదా, ఇతర ఆహారం మీదా పడనివ్వొద్దు. అందులో మాంసం మీద ఉన్నన్ని కణాలు ఉండొచ్చు. పొగబెట్టిన చేప వాసనకు, రంగుకు వండినట్టే ఉంటుంది గానీ చల్లని పొగ పట్టించినదానికి లిస్టీరియా చచ్చేంత వేడి తగలదు. డబ్బాలో సీలు చేసిన చేపతో ఆ భయం లేదు, డబ్బా తెరిచేదాకా.

కర్బూజాను చాలామంది తొక్క తీసేసేదే కదా అని కడగరు. దాని గరుకు తొక్క సందుల్లో మట్టి, దానితోపాటు బ్యాక్టీరియా నిలుస్తాయి. కత్తి దిగగానే అవి గుజ్జులోకి వెళతాయి, ఆ గుజ్జులో పులుపు దాదాపు ఉండదు కాబట్టి చక్కగా పెరుగుతాయి. 2011లో అమెరికాలో కర్బూజా వల్లే ముప్పై మందికి పైగా చనిపోయారు. కోసే ముందు పారే నీటి కింద శుభ్రమైన బ్రష్‌తో గట్టిగా రుద్ది, పొడిబట్టతో తుడిచి అప్పుడు కోయండి. సబ్బు వాడొద్దు. కోసిన ముక్కలు వెంటనే తినాలి, లేదా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. రెండు గంటలకు మించి బయట ఉన్నవి పారేయాలి, ఫ్రిజ్‌లోవైనా వారం దాటనివ్వకూడదు. గర్భిణికైతే కోసిన వెంటనే పెట్టండి, కోసి అమ్మే ముక్కలు కొనొద్దు.

మొలకలను కడిగితే సరిపోదు. గింజ పగులులో చేరిన సూక్ష్మజీవి, మొలకెత్తడానికి కావలసిన వెచ్చదనంలో, తేమలో తానూ పెరుగుతుంది. లోపల ఉన్నదాన్ని నీళ్లు అందుకోలేవు. ఉడికించి తినండి. సన్నటి పొడవు కాడలతో గుత్తులుగా వచ్చే ఎనోకీ పుట్టగొడుగులకూ ఇదే వర్తిస్తుంది, పచ్చిగా వద్దు.

మిగిలిన వంట

పొయ్యి దిగిన రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటలోనే. పెద్ద గిన్నెను అలాగే లోపల పెడితే నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది, పక్కనున్న డబ్బాలూ వేడెక్కుతాయి. ఐదు సెంటీమీటర్ల లోతు మించకుండా వెడల్పాటి డబ్బాల్లోకి సర్దండి. చల్లారేదాకా ఆగకుండా పెట్టొచ్చు. మూత మీద తేదీ రాసిన టేపు ముక్క అంటించండి. జ్ఞాపకం మీద ఆధారపడితే రెండ్రోజుల కిందటిది అనుకున్నది తరచూ ఐదు రోజుల కిందటిదై ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, ప్రమాదం ఎక్కువున్నవారికి రెండు రోజుల గీత గీసుకోండి.

వాసన చూసి నిర్ణయించే అలవాటు ఇక్కడ పనికిరాదు. లిస్టీరియా లక్షల్లో ఉన్నా రుచి, వాసన, రంగు మారవు. మళ్లీ వేడి చేసేటప్పుడు మధ్యభాగం 74 డిగ్రీలకు చేరాలి. మైక్రోవేవ్ అయితే అంచులు పొగలు కక్కుతున్నా నడుమ చల్లటి మచ్చలు మిగులుతాయి. మూతపెట్టి తిప్పండి, సగంలో ఆపి కలియబెట్టండి, పూర్తయ్యాక రెండు నిమిషాలు అలాగే ఉంచి అప్పుడు మధ్యలో థర్మామీటర్ గుచ్చి చూడండి.

ఫ్రిజ్ కడగడం

వాసన కోసం కాకుండా బ్యాక్టీరియా కోసం కడుగుతున్నప్పుడు వరస ముఖ్యం. లిస్టీరియా ఉపరితలాల మీద జిగురు పొర కట్టుకుని దాని చాటున బతుకుతుంది. ఆ పొర మీద, జిడ్డు మీద క్రిమినాశిని పోస్తే క్లోరిన్ అంతా ఆ మురికితోనే ఖర్చైపోతుంది, అడుగున ఉన్నవి మిగిలిపోతాయి. కాబట్టి ముందు రుద్దడం, తర్వాత చంపడం.

1. ఆహారమంతా తీసి మరో చల్లని పెట్టెలో పెట్టి, ఫ్రిజ్ ఆపండి. గడువు దాటినవి, తేదీ తెలియనివి పారేయండి.
2. అరలు, సొరుగులు బయటికి తీసి వేడి సబ్బునీళ్లతో రుద్ది కడగండి. గాజు అరలను గది వేడికి వచ్చాకే వేడినీళ్లలో పెట్టండి, లేదంటే పగులుతాయి.
3. లోపలి గోడలు, తలుపు రబ్బరు మడతలు, కూరగాయల సొరుగు కింది గుంట, నీరు కారే రంధ్రం పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. తేమ ఆరని ఈ చోట్లే దాని స్థావరాలు.
4. సబ్బు పోయేలా మంచినీళ్లతో తుడవండి.
5. 4 లీటర్ల నీటిలో 15 మిల్లీలీటర్ల సువాసన కలపని ద్రవ బ్లీచ్ కలిపి అన్నిచోట్లా తడి అయ్యేలా పూయండి. రెండు మూడు నిమిషాలు తడిగానే ఉండనిచ్చి, శుభ్రమైన కాగితం తువ్వాలుతో ఆరబెట్టండి.

ఈ ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిలవుంటే బలం తగ్గిపోతుంది. వెనిగర్, అమ్మోనియా ఉన్న క్లీనర్లు, టాయిలెట్ యాసిడ్ వంటివాటితో బ్లీచ్ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. కిటికీ తెరిచి, గ్లవ్స్ వేసుకుని చేయండి. బల్ల తుడిచిన తడిగుడ్డను అలాగే సింకు అంచున వదిలేస్తే శుభ్రం చేసినదంతా వృథా, అదే తర్వాతి మూలం అవుతుంది. వేడినీళ్లలో ఉతికి పూర్తిగా ఆరనివ్వండి.

ఏదైనా సరుకును లిస్టీరియా కారణంగా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంటున్నారని తెలిస్తే, తిని ఏమీ కాలేదు కదా అని మిగిలింది ఉంచకండి. గట్టిగా కట్టి, మనుషులూ జంతువులూ తెరవలేని చెత్తబుట్టలో వేయండి. ఆ ప్యాకెట్ పెట్టిన అర, తాకిన డబ్బాలు, కోసిన కత్తి, పలక అన్నీ పై పద్ధతిలోనే కడగండి. పారేసే ముందు లేబుల్, బ్యాచ్ నంబరు ఫోటో తీసుకోండి, ఎందుకో కింద చూడండి.

తిన్నాక జ్వరం వస్తే

కడుపు జబ్బుగా వచ్చేది మామూలుగా ఒకటి రెండు రోజుల్లో కనబడుతుంది. లోపలికి చొచ్చుకుపోయే రకం మాత్రం వారం నుంచి నాలుగు వారాల దాకా, కొందరిలో 70 రోజుల దాకా ఆగి బయటపడుతుంది. గర్భిణుల్లో ఈ ఆలస్యం మరీ ఎక్కువ. రెండు నెలల కిందట తిన్నది ఎవరికి గుర్తుంటుంది? ఆ ఫోటో అక్కరకొచ్చేది అప్పుడే.

అనుమానమున్న ఆహారం తిని ఏ లక్షణాలూ లేకపోతే పరీక్షలు, మందులు అక్కర్లేదు, గర్భిణికైనా సరే. రెండు నెలలు గమనించుకోవాలి. జ్వరం, ఒళ్లునొప్పులు, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, తికమక, తూలిపడటం, మూర్ఛ, వీటిలో ఏదొచ్చినా ఆలస్యం వద్దు. గర్భిణికి 38 డిగ్రీలు దాటిన జ్వరానికి వేరే కారణం కనబడకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. జలుబు జ్వరమని ఇంట్లో మాత్ర వేసుకుని కూర్చోకూడదు. బిడ్డ కదలికలు తగ్గినా అంతే.

డాక్టరుకు "ఫలానా ఆహారం తిన్నాను, లిస్టీరియా కావచ్చని అనుమానం" అని ముందే చెప్పండి. నిర్ధారించేది రక్తం కల్చర్ (నమూనాలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష), మెదడు లక్షణాలుంటే వెన్ను నీటి కల్చర్. మలపరీక్ష ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే జబ్బు లేనివారి పేగుల్లోంచి కూడా ఇది అప్పుడప్పుడు వెళుతుంటుంది. ముందే చెప్పడానికి ఇంకో గట్టి కారణం ఉంది. కారణం తెలియని తీవ్ర జ్వరాలకు తరచూ మొదలుపెట్టే సెఫలోస్పోరిన్ రకం యాంటీబయాటిక్స్ లిస్టీరియా మీద పనిచేయవు. దీనికి ఇచ్చేది ఆంపిసిలిన్, తీవ్రంగా ఉంటే దానితోపాటు జెంటామైసిన్. పెన్సిలిన్ అలర్జీ ఉంటే ఆ సంగతి కూడా అప్పుడే చెప్పాలి, డాక్టరు వేరే మందు ఎంచుకుంటారు.